గుడియాత్తం వియ్యంకుడి వేష్టి

ఒంట్లో బాగున్నవాళ్ళ ప్రయాణం

మా తెనాలిలో రాయవేలూరు వెళుతున్నానని ఎవరితోనైనా చెప్పి చూడండి. ఎదుటి మనిషి మొహం ఠక్కున వాడిపోతుంది, ఆ ఊరంటే మావాళ్ళకి పెద్దాసుపత్రే మరి. "ఎవరికమ్మా? ఏమొచ్చింది?" అంటారు. పాలవాడు అడిగాడు, ఇస్త్రీ రాములమ్మ అడిగింది, మా అపార్ట్‌మెంటు సెక్రటరీ అయితే గొంతు తగ్గించి "డాక్టర్లు ఏమన్నారు?" అన్నాడు. ఎవరికీ ఏమీ రాలేదు మొర్రో, బజారు చూడ్డానికి వెళుతున్నాం అంటే ఒక్కరు నమ్మితే ఒట్టు. బయటికి చెప్పుకోలేని జబ్బు కాబోలు అని వెనకాల అనుకున్నారట.

నేను పాతికేళ్ళుగా కుట్టు క్లాసు నడుపుతున్నాను. గుడ్డ కనబడితే రెండు వేళ్ళ మధ్య నలిపి చూడందే నాకు తోచదు. వేలూరు కోట కింద పాత బజారు, గుడియాత్తం మగ్గాలు చూడాలని ఎన్నాళ్ళనుంచో కోరిక. మా ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తారు, వచ్చాక సణుగుతారు.

వేలూరులో దిగితే లాడ్జి ఆయనదీ అదే ప్రశ్న. "పేషెంటు ఎవరు?" నాకు విసుగొచ్చి మా ఆయన వైపు చూపించాను. ఇక చూస్కోండి, ఆ పూటనుంచి మా ఆయనకి అడక్కుండానే వేడినీళ్ళు, మెత్తటి దిండు, రాత్రికి మిరియాల రసం పోసిన గంజి. "నాకు పరోటా కావాలి" అని పాపం ఆయన అంటుంటే, లాడ్జి ఆయన నా వైపు జాలిగా చూసి తల అడ్డంగా ఊపాడు. గంజి మాత్రం అమృతంలా ఉంది. సగం నేనే తాగాను.

కోట కింద బజారు

పొద్దున్నే కోట చూశాం. చుట్టూ కందకంలో నీళ్ళు, నల్లటి గోడలు, లోపల గుడి. బాగుంది. అయినా కోటలగురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నా మనసంతా ఆ గోడ దాటాక మొదలయ్యే సందుల మీదే ఉంది.

ఆ సందుల్లోకి అడుగుపెడితే చాలు, చెవులు మోగిపోతాయి. ఒక వరసలో ఇత్తడి బిందెలకు సొట్టలు తీసేవాళ్ళు, ఎదురుగా దీపం సెమ్మెలు తోమి మెరుగుపెట్టేవాళ్ళు. కరిగిరి మట్టిపాత్రలని అమ్ముతున్నారు, నున్నగా, నీలమూ ఆకుపచ్చా మెరుస్తూ. కూజా ఒకటి ఎత్తి చూస్తే అమ్మే ముసలాయన "కొట్టి చూడండమ్మా" అని వేలితో తట్టి వినిపించాడు. ఖంగుమంది. మూడువందలంటే రెండువందలకి అడిగాను. ఆయన కాసేపు ఏడుపు మొహం పెట్టి రెండువందల ఇరవైకి ఇచ్చేసి, కాగితాలు చుడుతూ నవ్వేశాడు. మా వైపు బేరమాడితే కొట్టువాడికి కోపం వస్తుంది. ఇక్కడ ఆడకపోతే చిన్నబుచ్చుకునేట్టున్నారు.

పక్కనే నేలమీద ముళ్ళ వంకాయల కుప్పలు. తొడిమనిండా ముళ్ళే. ఒక్కటి పట్టుకుని చెయ్యి పొడిపించుకున్నాను. అమ్మే ఆవిడ "నెయ్యి కారతాది అమ్మా వండితే, ముల్లుకి భయపడితే రుచి యాడినుంచి వస్తాది?" అంది. తెలుగు! ఈ ఊళ్ళో తెలుగు ఎప్పుడు ఎటునుంచి పలుకుతుందో చెప్పలేం.

మధ్యాహ్నం భోజనంలో పప్పు లేదు, గోంగూర లేదు, ఊరగాయ అడిగితే బొట్టుపెట్టినంత వేశారు. కానీ కారక్కుళంబు ఉంది చూశారూ, చింతపండు పులుసులో వెల్లుల్లి ఉడికించి, అబ్బ! నేను మూడుసార్లు వేయించుకున్నాను. ఆ మూడోసారే కొంప మునిగింది. వడ్డించేవాడి చెయ్యి జారి, గరిటెడు పులుసు మా ఆయన ప్యాంటు మీద పడింది.

మా ఆయన పార్టీలో చేరడం

లాడ్జి దూరం. ఆ మరకతో నడవనంటారు ఈయన. హోటల్ ముందు ఫుట్‌పాత్ మీద వేష్టిలు అమ్ముతున్నారు. ఇక్కడ పంచెను వేష్టి అంటారు. గోచీ పెట్టకుండా చుట్టూ చుట్టి కట్టేది, నాలుగు మూరలది. నలుపూ ఎరుపూ అంచున్న ఒకటి నా కంటికి నచ్చింది, కొన్నాను. ఈయన హోటల్ వెనక కట్టుకుని వచ్చారు. నిజం చెప్పాలంటే నా కళ్ళకే పెళ్ళికొడుకులా ఉన్నారు.

ఆ క్షణంనుంచి లోకం తీరు మారిపోయింది. టీకొట్టు ఆయన లేచి దణ్ణం పెట్టాడు. ఆటోవాళ్ళు చెయ్యెత్తారు. ఎదురుగా కూర్చున్న ఇద్దరు మాత్రం మొహం తిప్పుకున్నారు. ఇంతలో ఒకావిడ బిందె చంకన పెట్టుకుని వచ్చి, మా ఆయనకి గడగడా అరవంలో ఏదో చెప్పి, పంపు చూపించి, కళ్ళు తుడుచుకుంది. ఈయనకి అరవంలో వచ్చిన మాట ఒక్కటే, "సరి." ఆవిడ ఒకటి చెబుతుంది, ఈయన "సరి" అంటారు. ఇంకొకటి చెబుతుంది, "సరి, సరి." ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

తర్వాత లుంగీల దుకాణంలోకి వెళితే అక్కడి శెట్టిగారు గల్లాపెట్టె వెనకనుంచి ఈ తతంగమంతా చూసి కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ తెలుగు వ్యాపారులు వీళ్ళు.

"ఏం సారూ, ఎప్పుడు చేరినారు కచ్చిలో?"

కచ్చి అంటే పార్టీ. ఈ రాష్ట్రంలో రెండు పెద్ద ద్రావిడ పార్టీలు, కళగాలున్నాయి గదా, ఆ రెంటికీ వేష్టి అంచు మీదే గుర్తులట. నలుపు, ఎరుపు ఒకరిది. నలుపు, తెలుపు, ఎరుపు ఇంకొకరిది. అంచు చూస్తే మనిషి ఓటు తెలిసిపోతుంది.

"ఆ బిందె ఆమెకి వాళ్ళ వీధిలో పంపు రిపేరు చేయిస్తానని మాట ఇచ్చినారు మీరు" అన్నారు శెట్టిగారు. "అదీ రేపటికల్లా!"

మా ఆయన గబగబా లోపలికి పోయి వేష్టి విప్పేసి మళ్ళీ ప్యాంటు తొడుక్కున్నారు. కారక్కుళంబు మరకే నయమన్నారు.

నేను రెండు అంచులూ పక్కపక్కన పెట్టించి చూశాను. మధ్యలో సన్నటి తెల్లగీత ఒక్కటే తేడా. "ఈ గీత కోసమా ఇంత?" అన్నాను. శెట్టిగారు నవ్వు ఆపేశారు. "ఆ గీతకోసం మా ఊర్లో సొంత అన్నదమ్ములు మాట్లాడుకోరమ్మా. నీళ్ళు లేని ఏరు, రాజు లేని కోట అని మా వేలూరిని ఎగతాళి చేస్తారు గానీ, కచ్చి లేని మనిషిని మాత్రం చూపించలేరు ఈడ."

ఏ పార్టీకీ చెందని అంచుతో మా ఆయనకొక వేష్టి కావాలన్నాను. గుడియాత్తంలో మునస్వామి అనే నేతగాడి ఇంటికే పొమ్మని, చీటీ రాసిచ్చారు. చూస్తే అరవ అక్షరాలు. "తెలుగే అమ్మా రాసింది, అక్షరాలే అరవం. మాకు తెలుగు మాట్లాడను వచ్చు, రాసేది రాదు" అన్నారు. నేను అక్షరాలు చదవలేను, మా ఆయన కూడా అంతే. మా భాషలో మాకే రాసిన చీటీని జేబులో పెట్టుకుని, చదివిపెట్టేవాళ్ళకోసం బయల్దేరాం.

మగ్గాల వీధి

మర్నాడు నీళ్ళు లేని పాలారు ఏటి ఇసక, పళ్ళికొండ దగ్గర హైవే మీద లారీలవాళ్ళతో కలిసి తిన్న వేడివేడి వడ, అన్నీ దాటి గుడియాత్తం చేరాం. చీటీని సోడాబండి ఆయనకిస్తే పైకి చదివాడు: "ఈళ్ళు మనోళ్ళే, మంచి గుడ్డ ఇయ్యప్పా, సారుని మాత్రం పంపు దగ్గరికి పోనీయద్దు." ఊరూరా పరువు తీస్తాడన్నమాట శెట్టి!

మగ్గాల వీధి పొడుగునా టకటక, టకటక. కొన్ని ఇళ్ళలో మరమగ్గాలు హోరెత్తుతున్నాయి, చేతిమగ్గాలు ఇంకా మిగిలినచోట ఆ చప్పుడు మనిషి నడకలా ఉంటుంది. మునస్వామి ఇంట్లో మాత్రం చప్పుడు లేదు. మగ్గం ఆగి ఉంది. మొగుడూ పెళ్ళాం చెరోవైపు తిరిగి కూర్చున్నారు.

సంగతి గంటలో తెలిసిపోయింది. దాచుకునే మనుషులు కారు వాళ్ళు. మునస్వామికి యాభై ఐదుంటాయి, పలచటి మనిషి, నవ్వితే మొహమంతా నవ్వే. భార్య జయమ్మ గట్టి మనిషి, మాట తక్కువ. వాళ్ళమ్మాయి సరళ ఆంబూరు వైపు చెప్పుల ఫ్యాక్టరీకి పనికి పోతుంది. జోలార్పేటలో రైల్వే పని చేసే అబ్బాయి, రైల్లో రోజూ చూసుకునేవాళ్ళట, ఇష్టపడ్డారు. రెండిళ్ళవాళ్ళూ నేతవాళ్ళే, తెలుగువాళ్ళే, సరేననుకున్నారు. రేపు పొద్దున తాంబూలాలు.

అయితే ఒక ఆచారముంది. నేసే ఇంటివాళ్ళు వియ్యంకుడికి పెట్టే వేష్టి సొంత మగ్గం మీద సొంత చేత్తో నెయ్యాలి. కొన్న గుడ్డ పెడితే ఊరు నవ్వుతుంది. మునస్వామేమో ముప్పై ఏళ్ళుగా నలుపూ ఎరుపూ. వియ్యంకుడు దురైస్వామి నలుపూ తెలుపూ ఎరుపూ. తన కచ్చి అంచు లేని వేష్టి పెడితే పళ్ళెం ముట్టనని కబురు పంపాడట.

"ఎలక్షన్లప్పుడు మీరు రెండు పార్టీలకీ నేస్తారుగదా?" అన్నాను.

"నేస్తాం అక్కా. కూలికి ఎవురిదైనా నేస్తాం, అది వయిత్తుపొళప్పు, కడుపాత్రం" అన్నాడు మునస్వామి. "మర్యాదకి పెట్టేది వేరే గదా. నా చేత్తో, నా బిడ్డ పెండ్లికి, ఆ అంచు నేసేదా? నా ఇంటికి వస్తే నా అంచే కట్టుకోవాల."

"అంచు లేకుండా తెల్లది నేసెయ్యండి."

"అయ్యో, కచ్చి లేనోడు అనుకుంటారక్కా!" ఆ మాటన్నప్పుడు అతని మొహంలో నిజంగానే భయం కనిపించింది.

సరళ వంటింటి గుమ్మంలోనుంచి అంది: "నాయనా, నేను కట్టుకొనేది ఆ పిల్లోడిని. ఆయన నాయన వేష్టిని కాదు." ధైర్యంగానే అంది గానీ, లోపలికి వెళ్ళాక గిన్నె ఒకటి ఠంగుమని కిందపడింది. జయమ్మ తల తిప్పి ఆ వైపు చూసింది. రేపు ఆ పళ్ళెం తిరిగొస్తే ఈ పిల్ల గతేమిటి? చిన్న గీత! దారంకంటే లావు లేదు!

బూడిద వేళ్ళు

మునస్వామి మొండిపట్టు గెలిచింది. తన అంచే నెయ్యాలని తీర్మానించి, అతుకు మొదలుపెట్టారు.

అతుకంటే ఏమిటో చెబుతాను. మగ్గం మీద అయిపోవచ్చిన పాత పడుగు, అంటే నిలువు పోగుల కొసలుంటాయి. వాటికి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేళ్ళు జారకుండా బూడిద రాసుకుంటారు. మొగుడు కుడి అంచునుంచి, పెళ్ళాం ఎడమ అంచునుంచి మొదలుపెట్టి మధ్యలో కలుసుకుంటారు. ఎవరి అంచు పోగులు వాళ్ళవే. వేళ్ళు చూడకుండానే పని చేస్తాయి, నోళ్ళు ఖాళీ. నేను జయమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏమన్నా చెప్పక్కా" అంది జయమ్మ. అంతవరకూ నాతో పది మాటలు మాట్లాడని మనిషి. "మీ సీమలో సినిమావోళ్ళు ఎట్ల మినిస్టర్లు అయినారో ఆయనకి చెప్పు. ఆయనకి రాజకీయమంటే అన్నం గూడా వద్దు."

నన్ను మాట్లాడమనడమూ, ఏటిని పారమనడమూ ఒకటే. ఎత్తుకున్నాను. మునస్వామి పూర్తిగా నా వైపు తిరిగిపోయాడు. కళ్ళు పెద్దవి చేసి వింటున్నాడు, మధ్యలో "మా తలైవరు అయితే..." అని తన నాయకుడి గొప్పలు తనూ అందుకుంటున్నాడు. మా ఆయన కూడా సణుగుడు మానేసి సాయం వచ్చారు. జయమ్మ మొదట్లోనే ఒకసారి లేచి అటకమీది బుట్టలోంచి రంగునూలు ఏదో తెచ్చుకుని, మళ్ళీ కూర్చుంది. మాట ఆగితే "ఊఁ, ఆ పైన?" అని నన్ను ఎగదోస్తోంది. ఇంత శ్రద్ధగా వినే మనిషి మా క్లాసులో ఒక్కతి లేదే అనుకున్నాను.

మధ్యాహ్నం రాగిసంగటి, ముళ్ళ వంకాయ పులుసు పెట్టారు. నెయ్యి కారుతుందన్న ఆవిడ మాట అబద్ధం కాదు.

తిన్నాక మునస్వామి మగ్గమెక్కాడు. టకటక మొదలైంది. జానెడు నేశాడో లేదో, ఆగిపోయింది.

"జయా!"

కుడి అంచు నలుపు, ఎరుపు. ఎడమ అంచు నలుపు, తెలుపు, ఎరుపు.

జయమ్మ వచ్చి చూసింది. చెంపలు రెండూ వాయించుకుంది. "అయ్యయ్యో! తప్పు జరిగిపోయిందే! ఈ తెనాలక్క మాటల్లో పెట్టేసింది, నేను యాడ చూసుకొనింది? పోయిన ఎలక్షన్ నూలు చేతికొచ్చింది!"

మునస్వామి నా వైపు చూశాడు. ఇంటికొచ్చిన ఆడమనిషిని, అందులోనూ అంత రాజకీయం చెప్పినదాన్ని, ఏమంటాడు? అంచు కోసి మళ్ళీ అతికితే రేపటి తాంబూలానికి వేష్టి చేతికి రాదు. తల పట్టుకుని కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. చివరికి "నెయ్యకపోతే బిడ్డ తాంబూలానికి ఏమి పెట్టేది?" అని తనలో తనే గొణుక్కుంటూ మగ్గం కదిలించాడు. మామూలుకంటే గట్టిగా బాదినట్టనిపించింది నాకు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. "చూశావా నీ నోరు!" అన్నారు మా ఆయన. మేము బయల్దేరుతుంటే జయమ్మ చెయ్యి పట్టుకుంది. "రేపు రావాల మీరిద్దరూ. మీవల్ల గదా ఇట్లయింది" అంది. కోపంగా అన్న మాట కాదు. అప్పుడు నా బుర్రలో ఏదో మెదిలింది. అంచు పోగులు మొట్టమొదట అతికేవి. ఆవిడే నన్ను మాట్లాడమని, బుట్టలోంచి నూలు తెచ్చుకున్నది కూడా మొట్టమొదటే.

తాంబూలం

పొద్దున్నే వీధిలో ముగ్గులు, ఇంటినిండా మల్లెపూలు. దురైస్వామి వచ్చినాడు, వచ్చినాడు అని కేకలు. గంభీరమైన మనిషి, మీసాలు తెల్లవి, భుజం మీద తన కచ్చి రంగుల తువ్వాలు. అబ్బాయి మాత్రం నేలచూపులు చూస్తున్నాడు.

పళ్ళెంలో పళ్ళు, వక్కాకు, మధ్యలో వేష్టి. జయమ్మ మడత పెట్టింది. తెల్లగీత ఉన్న అంచే పైకి కనబడుతోంది. దురైస్వామి మడత మీద వేలు పెట్టి చూసి, ఒక్కసారి మీసం దువ్వి, పళ్ళెం అందుకున్నాడు. సరళ గుమ్మంలో గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది. మునస్వామి తల వంచుకున్నాడు.

పెట్టిన బట్ట వెంటనే కట్టుకుని రావడం మర్యాద. దురైస్వామి లోపలి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

బయటికి రాలేదు.

ఇంకా రాలేదు. లోపల దగ్గు వినిపించింది. మడత విప్పాడన్నమాట, రెండో అంచు చూశాడన్నమాట. మేళంవాళ్ళు కూడా వాయించడం ఆపారు. జయమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కిందో. నేను మా ఆయన చెయ్యి గిల్లాను, ఆయన అరవలేదు, అంత బిగుసుకుపోయారు.

తలుపు తెరుచుకుంది. కట్టుకున్నాడు! తన అంచు చీలమండల దగ్గర ఠీవిగా వేలాడుతోంది. రెండో అంచు కనబడడం లేదు, నడుము దగ్గర మడతలోకి పోయింది. నేరుగా మునస్వామి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"బావా" అన్నాడు. "నీ కచ్చిని నడుముకి బిగించి చుట్టినా. నలుగురిలో నా మానం కాపాడేది ఇప్పుడు నీ కచ్చినే. అది వదులైందంటే నా గతి ఏమి?"

మునస్వామి తలెత్తాడు. ఒక్క క్షణం చూసి, "నీ కచ్చి కాళ్ళకాడ ఉండాది బావా" అన్నాడు. "తొక్కుకోకుండా చూసి నడు."

ముందు నవ్వింది దురైస్వామే. ఆ నవ్వుకి పొట్ట ఊగి వేష్టి నిజంగానే జారబోతే, మునస్వామే చటుక్కున పట్టుకున్నాడు. ఇక ఇల్లంతా నవ్వులు, మేళం అందుకుంది. సరళ తల్లి భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చేసింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

భోజనాలయ్యాక మా ఆయన వేష్టి సంగతి ఎత్తాను. అదే పడుగులో రెండోది మాకిస్తారా అని అడిగాను. మునస్వామి చేతులు నలుపుకున్నాడు. "లేదక్కా, ఆ పడుగంతా అడిగేసినారు. ఈ వీధిలోనే ఇంకో మూడిండ్లలో వియ్యంకుల గొడవ ఉండాది" అన్నాడు. మా ఆయనకి చివరికి పచ్చ అంచు లుంగీ దొరికింది. ఆయన దానికీ దణ్ణాలు పెట్టే పార్టీ ఏదైనా ఉందేమో అని ముందు కనుక్కునే కట్టుకున్నారు.

బస్సు దాకా జయమ్మ సాగనంపింది. ఎవరూ లేనప్పుడు అడిగాను.

"నిజం చెప్పు. పొరపాటేనా?"

జయమ్మ నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. గోళ్ళసందుల్లో ఇంకా బూడిద ఉంది. "నువ్వు గదక్కా మాటల్లో పెట్టినావు" అంది, కళ్ళు మాత్రం నవ్వుతూ.

అవును, నేనే మాటల్లో పెట్టాను. మీరెప్పుడైనా గుడియాత్తం వెళ్ళి, ఆ వీధిలో మునస్వామి మిమ్మల్నడిగితే, తెనాలావిడ నోటి దురదవల్లే అలా జరిగిందని గట్టిగా చెప్పండి.